జీపు వచ్చిన తరువాత

ఈమధ్య మా మనవరాలు నన్నొక మాల్‌లో సినిమాకి తీసుకెళ్ళింది. కథ ముగిసింది, దీపాలు వెలిగాయి, నేను అలవాటు కొద్దీ లేచాను. "కూర్చో తాతయ్యా, పేర్లయ్యాక ఇంకో ముక్క ఉంటుంది" అని నా చొక్కా పట్టుకుని లాగింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. వంట చేసినవాడి పేరూ, కారు తోలినవాడి పేరూ పైకి పాకుతుంటే అందరూ బుద్ధిగా చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, కాస్త కడుపుమంటగానూ ఉంది. అబిడ్స్‌లో ఒక సినిమా హాలుకి మేనేజరుగా ఉద్యోగమంతా వెళ్ళదీసినవాణ్ణి. జనాన్ని ఆఖరి రెండు నిమిషాలు కుర్చీల్లో ఉంచడానికి నేనూ, నా సిబ్బందీ, ఒక లెక్కల మాస్టారూ కలిసి పడ్డ పాట్లు మీ తరం వాళ్ళకి చెబితే నమ్మరు. అయినా చెబుతాను, నాకిప్పుడు వేరే పనేముంది గనక.

మా హాలు అబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగే దారిలో ఉండేది. ఇప్పుడక్కడ బట్టల షోరూం ఉంది. దాని గురించి ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆ రోజుల్లో ప్రేక్షకుడి తెలివంతా సినిమాకి రావడంలో కాదు, బయటపడడంలో ఉండేది. స్టాండులో సైకిళ్ళు ఒకదాని హాండిల్లో ఒకటి చిక్కుకుని ఉండేవి. ముందు వెళ్ళినవాడు తనది లాక్కుని చక్కా పోయేవాడు, వెనకబడ్డవాడు పక్కవాడి పెడలూ తన చక్రమూ విడదీసుకుంటూ చెమటలు కక్కేవాడు. అఫ్జల్‌గంజ్ బస్సు సంగతీ అంతే. అందుకని తెర మీద పోలీసు జీపు కుయ్యోమంటూ కనబడిందా, హాలు హాలంతా లేచేది. పోలీసులొచ్చాక సినిమాలో ఏముంటుంది? బేడీలు వేస్తారు, కుటుంబమంతా వరసగా నిలబడి నవ్వుతుంది, శుభం. అంతమాత్రానికి బస్సు వదులుకునే అమాయకుడు హైదరాబాదులో ఎవడూ లేడు.

మేమూ తక్కువ తినలేదు. తరువాతి ఆట జనం బయట కాచుకుని ఉంటారు, ఈలోపల హాలు ఊడవాలి. అందుకని జీపు మోత వినబడగానే తలుపులు బార్లా తీసెయ్యమని గేట్‌కీపర్లకి నేనే చెప్పిపెట్టాను. వాళ్ళు బయట స్టూళ్ళ మీద కునికేవాళ్ళు, ఆ మోతే వాళ్ళకి అలారం. సినిమా తీసేవాళ్ళు కూడా జీపు వచ్చిన తరువాత పనికొచ్చేదేదీ పెట్టేవారు కాదు. ఏళ్ళ తరబడి ఇలా అందరికీ సుఖంగా జరిగిపోతుండగా ఆ కిడ్నాప్ సినిమా వచ్చిపడింది.

కథ క్లుప్తంగా చెబుతాను. ఒక షావుకారు కూతుర్ని ఎవరో ఎత్తుకుపోతారు. ఎవరా అని సినిమా అంతా వెతుకులాట. అందరి అనుమానమూ ఇంటి డ్రైవరు మీద. గుబురు మీసం, ఎర్రటి కళ్ళు, మాట తక్కువ. ఆ ఇంటికి ఆప్తుడైన ఒక ప్లీడరు గారుంటాడు, పాప కోసం కన్నతల్లి కంటే ఎక్కువగా ఏడుస్తాడు. ఆఖరికి ఒక రాళ్ళ క్వారీలో పాపని చంకనేసుకుని పరిగెడుతూ డ్రైవరు కనబడతాడు. జీపు వస్తుంది, బేడీలు పడతాయి, మా హాలు ఖాళీ అవుతుంది. సినిమా బాగా ఆడుతోంది. నాకు ఏ బాధా లేదు.

ఒక మధ్యాహ్నం మ్యాట్నీ మొదలయ్యాక నా గది గుమ్మంలో అదే మీసం, అవే కళ్ళు కనబడ్డాయి. ఒట్టు, నా చెయ్యి బల్ల సొరుగు తాళం మీదికి పోయింది. ఆ మనిషి చేతులు కట్టుకుని, లోపలికి రావచ్చా అని పిల్లాడిలా అడిగాడు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికుంటాడట, అక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారట. నాటకాల పిచ్చి. షూటింగువాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ మీసం చూసి ముచ్చటపడి డ్రైవరు వేషం ఇచ్చారు. వేసవి సెలవుల్లో చేసి వచ్చాడు. సినిమా విడుదలైన మొదటి రెండు రోజులూ పెళ్ళికొడుకులా తిరిగాడట. తరువాత పాలవాడు పాలచెంబు గడప మీద పెట్టి పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఇంటి ఓనరమ్మ తన చిన్న మనవణ్ణి మేడ మీద ఆయన గదికి పంపడం మానేసింది. బడిలో పిల్లలకి మాత్రం ఏ బాధా లేదు, వాళ్ళకాయన మీద ప్రేమ ఇంకా పెరిగింది. పరీక్షల ముందు తమని కూడా ఎత్తుకుపొమ్మని ఇద్దరు బతిమాలారట. తల్లిదండ్రులే బడి మీద పడ్డారు. సినిమా వేరు, మనిషి వేరు అని హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పబోతే, ఉత్త నటన అయితే అంత సహజంగా రాదని వాదించారట. ఇది పొగడ్తో తిట్టో తెలియక మాస్టారు రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇక సోమవారం నాడు తల్లిదండ్రులందరినీ పిలిచి తేల్చేస్తామని, ఈలోపల వేరే బడి చూసుకోవడం మంచిదని ఆవిడ మెల్లగా చెప్పేసింది.

"సార్, అసలు నేను దొంగను గాను" అన్నాడు. "ఆఖర్ల అంతా తేలుతది. గా ప్లీడరే దొంగ. నేను పాపను ఇడిపిచ్చుకొని ఉరుకుతుంటే పోలీసోళ్ళు నన్నే దొంగనుకొని పట్టుకుంటరు. గది చూడకుండనే అందరు లేచి పోతున్రు."

"ప్లీడరా?" అన్నాను నేను. నిజం చెప్పొద్దూ, నా తల తిరిగిపోయింది. అన్ని వారాలుగా మా హాల్లో ఆడుతున్న సినిమాలో దొంగ ఎవరో నాకు తెలియదు. జీపు వచ్చేసరికి నేను రోజూ గేటు దగ్గరుంటాను. మా ఆవిడ చూసొచ్చిన రాత్రి భోజనాల దగ్గర కూర్చుని ఇద్దరం ఆ డ్రైవరు మొహంలోనే కళ వేరని తీర్మానించుకున్నాం కూడా. మాస్టారికి ఆ సంగతి చెప్పలేదు.

ఆపరేటర్‌ని పిలిపించాను. ప్రొజెక్టరు నడిపే ఆ మనిషి తన గది దిగి కిందికి రావడమే గొప్ప, పైగా విసుగు. సంగతి వినగానే మాత్రం మొహం వెలిగింది. "ఔ సార్, ప్లీడరే. మీకు తెల్వదా?" అన్నాడు. అబిడ్స్ మొత్తానికి సినిమాల ముగింపులు తెలిసిన మనిషి తానొక్కడేనని ఆయనకి ఆ రోజు తెలిసింది. ఆ గర్వం చాలా కాలం తగ్గలేదు.

సాయంత్రం ఆటకి ఆపరేటర్ గదిలో నిలబడి కన్నంలోంచి చూశాను. నిజమే. ప్లీడరు చేతులు చాచి రమ్మంటే పాప డ్రైవరు కాళ్ళ వెనక దాక్కుంటుంది. ఇన్‌స్పెక్టరు అది గమనిస్తాడు. అంతే, అక్కణ్ణుంచి కథ తిరిగిపోతుంది. ఆ తరువాత డ్రైవరు ఏదో చేస్తున్నాడు గాని బాల్కనీ వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డంతో నాకు వాళ్ళ బుర్రలు తప్ప ఏమీ కనబడలేదు. నాకు మాస్టారి మీద జాలి పుట్టింది. తెర మీద నిర్దోషి అని తేలిన మనిషికి తెర కింద శిక్ష పడుతోంది. పైగా తలుపులు తెరిపిస్తున్నది నేను.

ముందు స్లయిడు వేయించాం. 'జీపు వచ్చిన తరువాత కూడా సినిమా ఉంది, దయచేసి కూర్చోండి' అని పెద్ద అక్షరాలతో. ఇంటర్వెల్లో వేశాం. ఇంటర్వెల్లో హాల్లో ఉండేదెవరు? అందరూ బయట మిర్చీల దగ్గర ఉన్నారు. నిద్రపోతున్న ఒక పెద్దాయన తప్ప ఆ స్లయిడుని చదవగల దూరంలో ఎవరూ లేరు.

తరువాత మా పెద్ద గేట్‌కీపర్‌ని పిలిచి, తలుపు తియ్యకు, జనానికి నచ్చజెప్పి ఆపు అన్నాను. చాలా నమ్మకమైన మనిషి, చెప్పిన పని చెప్పినదానికంటే ఎక్కువ చేస్తాడు. జీపు రాగానే తలుపుకి అడ్డంగా నిలబడి, "కూసోండ్రి, కూసోండ్రి, డ్రైవర్ గాదు, ప్లీడర్ దొంగ" అని గొంతు చించుకున్నాడు. ముగింపు తెలిసిపోయాక ఇంకెందుకు కూర్చోవడమని వాళ్ళు మరింత నిశ్చింతగా వెళ్ళిపోయారు. అంతటితో పోయినా బాగుండేది. హాలువాళ్ళ మాట ఎవరు నమ్ముతారు? మాస్టారు మమ్మల్ని పట్టుకుని కథ మార్పించాడని మర్నాటికి నాంపల్లి అంతా చెప్పుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మాస్టారు మళ్ళీ వచ్చి, ఇంక నా కోసం ఏమీ చెయ్యొద్దు సార్ అన్నాడు. నాకు పట్టుదల పెరిగింది.

మూడో ఉపాయం నాదే, దాని గురించి ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది. జనం లేచేది జీపు మోత విని. మరి ఆ మోతే లేకపోతే? ఆపరేటర్‌ని బతిమాలి, జీపు వచ్చేచోట సౌండు పూర్తిగా తగ్గించమన్నాను. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. అనుకున్నట్టే మోత వినబడలేదు, ఒక్కరూ గుమ్మం వైపు వెళ్ళలేదు. నేను చేతులు రుద్దుకుంటున్నాను. ఇంతలో హాలంతా వెనక్కి తిరిగింది. సౌండు పోతే ఆపరేటర్ గది వైపు తిరిగి ఈలలు వేసి తిట్టడం మన ప్రేక్షకుల జన్మహక్కు, అది నేను మరిచిపోయాను. నేల నుంచి బాల్కనీ దాకా అందరూ తెరకి వీపు పెట్టి, కుర్చీలెక్కి, ఆపరేటర్ తాతముత్తాతల్ని పేరుపేరునా తలుచుకుంటున్నారు. వాళ్ళ వీపుల వెనక తెర మీద ప్లీడరు దొరికిపోతున్నాడు, డ్రైవరు నిర్దోషిగా తేలుతున్నాడు. చూసేవాడు లేడు.

ఆపరేటర్ ఆ పూట నా గదికి దిగివచ్చి ఒక్కటే మాటన్నాడు. "పిక్చర్ నడిపిచ్చుడు నా పని సార్. జనాలను కూసోబెట్టుడు నా పని గాదు." మళ్ళీ సౌండు మీద చెయ్యి వెయ్యనని తేల్చి చెప్పాడు.

అలా శనివారం వచ్చేసింది. సోమవారం బడిలో మీటింగు. ఇక లాభం లేదని నేనే ఆ బడికి వెళ్ళి, హెడ్‌మిస్ట్రెస్ గారినీ, తల్లిదండ్రుల్నీ, పిల్లల్నీ ఆదివారం మార్నింగ్ షోకి రమ్మని పాసులిచ్చాను. ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూసి, తాను ఆ సినిమా చూశానని, బేడీలు వెయ్యడం తన కళ్ళతో తాను చూశానని చెప్పింది. ఈసారి పూర్తిగా చూడమని వేడుకున్నాను. పాసులు గనక అందరూ వచ్చారు. రానివాళ్ళ బదులు వాళ్ళ చుట్టాలు వచ్చారు. బాల్కనీ నిండింది.

మాస్టారిని నా గదిలో కూర్చోబెట్టి, ఏం జరిగినా మొహం చూపించవద్దని చెప్పాను. జీపు వచ్చినా తలుపు తీస్తే ఉద్యోగం ఊడుతుందని పెద్ద గేట్‌కీపర్‌కి చెప్పాను. నోరు కూడా విప్పవద్దని మరీ మరీ చెప్పాను. ఇంటర్వెల్లో హెడ్‌మిస్ట్రెస్ గారికి స్వయంగా గోల్డ్‌స్పాట్ సీసా అందించి మరోసారి గుర్తు చేశాను. ఆవిడ సరేనంది. అందరూ సరేనన్నారు.

జీపు వచ్చింది. అందరూ లేచారు.

వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. చంకలో పిల్లలూ, కాళ్ళ కింద చెప్పులూ, బయట రిక్షాలూ. మాటిచ్చిన సంగతి కాళ్ళకి తెలియదు కదా. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా హాండ్‌బ్యాగు భుజాన వేసుకుని సగం లేచింది. నేను మెట్ల మీద నిలబడి చేతులు జోడిస్తున్నాను, ఒక్కరూ చూడ్డం లేదు. చూస్తుండగానే తలుపు బార్లా తెరుచుకుంది. పెద్ద గేట్‌కీపర్ బయట కునుకు తీస్తున్నాడు, జీపు మోతకి ఉలిక్కిపడి లేచి, పాతికేళ్ళ అలవాటు కొద్దీ గడియ లాగేశాడు. నా ఆశ అక్కడితో అయిపోయింది.

తెరుచుకున్న తలుపులో వెలుగుకి అడ్డంగా మాస్టారు నిలబడి ఉన్నాడు.

నా గదిలో ఉండలేక వచ్చేశాడు. అందరికంటే ముందున్నావిడ కెవ్వుమనబోయి ఆగిపోయింది. అటు తెర మీద బేడీలతో అదే మీసం, ఇటు గుమ్మంలో బేడీల్లేకుండా అదే మీసం. జనం అటూ ఇటూ చూసి ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఆయన బతిమాలుకోవడానికే వచ్చాడు, అది నాకు తెలుసు, చేతులు సగం జోడించి ఉన్నాయి. కానీ ఎదురుగా తోసుకుంటున్న మనుషులూ, మధ్యలో తన క్లాసు పిల్లలూ కనబడేసరికి ఆయనలో ఏం మేలుకుందో, ఆ చేతులు కిందికి దిగాయి.

"ఏందిది?" అన్నాడు. అరవలేదు, కానీ బాల్కనీ చివరిదాకా వినబడింది. "గంట కొట్టిన్రా? లేవమని ఎవలు చెప్పిన్రు? కూసోండ్రి."

ముందు పిల్లలు కూర్చున్నారు. వాళ్ళు కూర్చోగానే తల్లులు కూర్చున్నారు. తండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ చిన్నప్పటి లెక్కల మాస్టార్లెవరో గుర్తొచ్చినట్టు గబగబా కూర్చున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు అటూ ఇటూ చూసి, హాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కూడా మెట్టు మీద కూర్చున్నాను. ఆ గొంతులో అలాంటి అధికారం ఉంది.

మాస్టారు తలుపు దగ్గరనుంచి కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తెరకి వీపు పెట్టి, పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నట్టు వరస వరసనీ చూస్తున్నాడు. ఎవరైనా పక్కవాళ్ళతో గుసగుసలాడితే ఆ వైపు చూసేవాడు, గుసగుస ఆగిపోయేది. తెర మీద పాప డ్రైవరు కాళ్ళ వెనక దాక్కుంది. బాల్కనీలో ఎవరో ముక్కు చీదారు. ప్లీడరు మొహం పాలిపోయింది. ఒక తల్లి, "అయ్యో, వీడా" అంది. నేను తెర వైపు చూడ్డం లేదు, హెడ్‌మిస్ట్రెస్ గారి మొహాన్నే చూస్తున్నాను. ఒక మనిషి తిండీ పరువూ ఆ మొహం మీద ఆధారపడి ఉన్నాయి. కాసేపటికి ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ హాలుకి మేనేజరునయ్యాక జనం చూస్తుండగా 'శుభం' అనే అక్షరాలు పడటం అదే మొదటిసారి.

దీపాలు వెలిగినా ఎవరూ లేవలేదు. మాస్టారి వైపు చూస్తున్నారు. ఆయనకి అర్థమై, "ఇగ పోండ్రి" అన్నాడు. అప్పుడు లేచారు. తండ్రులు వచ్చి చెయ్యి కలిపారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆయన దగ్గర ఆగి, "మాస్టారూ, రేపు మీటింగేమీ లేదు. మొదటి పీరియడు మీదే, వేళకి రండి" అని చెప్పి మెట్లు దిగిపోయింది. గేట్‌కీపర్ నా దగ్గరికి వచ్చి తన ఉద్యోగం సంగతేమిటని భయపడుతూ అడిగాడు. ఆ రోజు వాడు తలుపు తియ్యకపోతే ఏమయ్యేదో ఆలోచించి, వాడికి టీ తాగించాను.

ఇందులో నష్టపోయినవాడు ఒక్కడే. ఆ బడిలో ఒక పిల్లవాడి తండ్రి నాంపల్లి కోర్టులో నిజంగానే ప్లీడరు. ఆ సోమవారం నుంచి ఆయన బడి దగ్గర కనబడితే తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టారట.

జనం వెళ్ళిపోయాక మాస్టారు నా గదిలో కూర్చుని చాలాసేపు టీ తాగాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "సార్, ఒక్క మాట. ఆఖర్ల నేను మంచిగ చేసిన్నా?" అని అడిగాడు.

నేను నిజం చెప్పేశాను. మొదటిసారి బుర్రలు అడ్డం వచ్చాయి, ఈసారి హెడ్‌మిస్ట్రెస్ గారి మొహం చూస్తూ ఉండిపోయాను, నాకు తెలియదు మాస్టారూ అన్నాను. ఆ సినిమా ఎన్నోసార్లు చూసిన మీకు తెలియాలి గాని అన్నాను. ఆయన సిగ్గుపడుతూ తల దించుకున్నాడు. చూసిన ప్రతిసారీ జీపు రాగానే తానూ లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడట, బయటికొచ్చేవాళ్ళు తన గురించి ఏమనుకుంటున్నారో వినడానికి. ఈ రోజు సరేసరి, తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెడితే ఆపడానికి చాలాసేపు పట్టింది.

మ్యాట్నీకి ఆయన్ని బాల్కనీ మధ్యలో మంచి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆఖరికి జీపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం తోసుకుంటూ లేచిపోయారు. నేను కర్టెన్ పక్కనుంచి చూస్తున్నాను. ఖాళీ కుర్చీల మధ్య మాస్టారు ఒక్కడే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, శుభం పడేదాకా కదలకుండా చూశాడు. తరువాత కూడా కొంచెంసేపు కూర్చుని, మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చాడు. మొహం చూసి నాకు కంగారు పుట్టింది. ఎలా ఉందని అడిగాను.

అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని నిర్ధారించుకుని, చెవి దగ్గరగా వచ్చి చెప్పాడు.

"నా ఏడ్చుడు జర ఎక్కువైంది సార్. జనాలు లేచిపోవుడే మంచిగైంది."